అతుకుల బొంత: 180 మంది ఖైదీలు, 2815 ముక్కలు

మన భాషలో "అతుకుల బొంత" అంటే తిట్టే. సంకీర్ణ ప్రభుత్వాన్ని అలాగే అంటారు. నాలుగు సినిమాల్లోంచి సీన్లు ఎత్తుకొచ్చి తీసిన సినిమానీ అలాగే అంటారు. ఎనిమిదేళ్ళలో పన్నెండు మంది చేతులు మారిన కోడ్ సంగతైతే ఇక చెప్పక్కర్లేదు. మనం రోజుకి పదిసార్లు వాడే "ప్యాచ్" అన్న మాట కూడా ఈ అతుకే. కంప్యూటర్లు కాగితపు టేపు మీద బెజ్జాలు చదువుకునే రోజుల్లో ప్రోగ్రాములో తప్పు దొర్లితే, తప్పు బెజ్జం మీద నిజంగానే ఓ ముక్క అతికించేవాళ్ళు. లేదంటే ఆ భాగం కత్తిరించేసి కొత్త టేపు ముక్క అంటించేవాళ్ళు. అంటే మనమందరం ఒకరకంగా బొంతలు కుట్టుకుని బతుకుతున్నవాళ్ళమే. కాకపోతే జీతం కాస్త ఎక్కువ.

ఈ తిట్టు ఎంత అన్యాయమో చెప్పాలంటే ఒక బొంత కథ చెప్పాలి. 1841లో ఓడ మీద కుట్టింది. కుట్టినవాళ్ళు జైలు శిక్ష పడి దేశం దాటిపోతున్న ఆడవాళ్ళు. కుట్టింది తాము కప్పుకోడానిక్కాదు, అమ్ముకోడానికీ కాదు, కానుకగా ఇవ్వడానికి. ఓడ పేరు "రాజా". మన దేశపు పేరే గానీ, అది వెళ్ళింది ఇంగ్లండు నుంచి టాస్మేనియాకి. ఆ పేరుతోనే ఆ బొంతని "రాజా క్విల్ట్" అంటారు. ఇప్పుడు కాన్‌బెరాలో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దగ్గరుంది.

ముందు ఒక చిన్న పిడకల వేట. మన బొంతకీ వాళ్ళ క్విల్టుకీ తేడా ఏంటి? సూత్రం ఒకటే. మన ఇళ్ళల్లో పాత నూలు చీరలు మూడో నాలుగో ఒకదాని మీద ఒకటి పరిచి, పొరలన్నీ కలిసేట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా వరస కుట్టు వేసుకుంటూ పోతారు. పురిటి రోజులు దగ్గర పడుతుంటే అమ్మమ్మలు ముందుగా చేసే పని ఇదే. ఎన్నో ఏళ్ళు ఉతికి ఉతికి మెత్తబడ్డ చీర కంటే పసిపిల్లకి హాయైన గుడ్డ ఇంకోటి లేదు. అమెరికాలో ఉన్నవాళ్ళకి క్విల్టు పరిచయమే. పైపొర రంగురంగుల ముక్కల్ని కలిపి కుడతారు, అది ఒక దశ. దాని కింద దూదిలాంటి పొర, దానికింద అస్తరు పరిచి మూడింటినీ కలిపి కుడతారు, అది ఇంకో దశ. అసలు క్విల్టింగ్ అంటే ఈ రెండో దశే. ఆ తర్వాత అంచు చుట్టూ పట్టీ వేస్తే అయినట్టు. చెప్పినంత తేలిక్కాదు. మొదలుపెట్టి అటక మీద పడేసిన బొంతలకి అక్కడి ఆడవాళ్ళు ముద్దుగా "యూఎఫ్ఓ" అని పేరు పెట్టుకున్నారు. ఎగిరే పళ్ళాలు కావు, పూర్తికాని వస్తువులని. మన ఫోల్డర్లలో సగంలో ఆగిపోయిన ప్రాజెక్టులకి కూడా ఈ పేరు పనికొస్తుంది.

సరే, అసలు విషయానికొస్తే. 2002 నుంచి 2017 దాకా ఎప్పుడైనా ఆన్‌సైట్ మీద ఇంగ్లండు వెళ్ళినవాళ్ళు ఈ కథలో ఒక ముఖ్య పాత్రని జేబులో పెట్టుకుని తిరిగే ఉంటారు. అప్పట్లో ఐదు పౌండ్ల నోటు వెనకవైపు తలకి తెల్లటి టోపీ కట్టుకుని ఒక పెద్దావిడ ఉండేది గుర్తుందా? ఆవిడే ఎలిజబెత్ ఫ్రై. పక్కన చిన్న బొమ్మలో ఆవిడ జైల్లో ఆడ ఖైదీలకి చదివి వినిపిస్తూ ఉంటుంది.

ఫ్రై 1780లో పుట్టింది. బ్యాంకుల కుటుంబం, క్వేకర్ మతశాఖ. 1813లో లండన్‌లో న్యూగేట్ జైలుకి మొదటిసారి వెళ్ళింది. ఆడవాళ్ళ వార్డులో శిక్ష పడినవాళ్ళూ, ఇంకా విచారణే కానివాళ్ళూ, వాళ్ళ పిల్లలూ అందరినీ ఒకేచోట కుక్కేశారు. వంటా అక్కడే, పడకా అక్కడే, వట్టి నేల మీద. 1817లో ఫ్రై ఇంకొంతమంది ఆడవాళ్ళని కూడగట్టి ఒక సంఘం పెట్టింది. పిల్లలకి బడి, పెద్దవాళ్ళకి కుట్టుపని, అందరికీ బైబిలు. ఇందులో మూడోదాని మీద మనకి ఎన్ని అభ్యంతరాలైనా ఉండొచ్చు గానీ, మొదటి రెండూ అప్పటిదాకా ఎవరికీ తట్టనివి.

కుట్టుపనే ఎందుకంటే, అప్పట్లో ఇంగ్లండులో ఖైదీలని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకి పంపించేవాళ్ళు. మనకి కాలాపానీ అంటే అండమాన్ గుర్తొస్తుంది. అక్కడ ఖైదీల వలస మొదలైంది 1858లో. అంతకు 70 ఏళ్ళ ముందే, 1788 నుంచి, ఇంగ్లండు తన సొంత పేదవాళ్ళ మీద ఇదే శిక్ష అమలు చేస్తోంది. మొత్తమ్మీద దాదాపు 25 వేల మంది ఆడవాళ్ళని అలా పంపించారు. వాళ్ళలో హంతకులు బహు తక్కువ. ఎక్కువమందివి చిల్లర దొంగతనాలు, అందులోనూ బట్టలు ఎత్తుకుపోయిన కేసులు చాలా మామూలు. ఇంట్లో పనిచేస్తూ యజమానురాలి గౌను, కొట్లో నాలుగు గజాల గుడ్డ, ఇలాంటివి. దానికి ఏడేళ్ళు, పదేళ్ళు, రెండోసారైతే ఇంకా ఎక్కువ. ఏడేళ్ళు గడిచాక వెనక్కి రావచ్చని కాగితం మీద ఉంటుంది. తిరుగు ప్రయాణానికి డబ్బులెవరిస్తారు? పోయినవాళ్ళు పోయినట్టే.

ఓడ ప్రయాణం మూడున్నర నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ మూడున్నర నెలలూ చెయ్యడానికి పనంటూ ఏమీ ఉండేది కాదు. 1818లో "మరియా" అనే ఓడ బయల్దేరబోతుంటే, ఫ్రై బృందం వీళ్ళకి ఏం పని ఇవ్వాలా అని ఆలోచించింది. కొత్త బట్ట కొనిద్దామంటే ఖర్చు. చివరికి తట్టిన ఉపాయం ముక్కల బొంత. దానికి చింపిరి ముక్కలు చాలు. కత్తెర, సూది, దారం ఉంటే ఎంత ఇరుకులోనైనా కూచుని కుట్టుకోవచ్చు, ఎంతసేపైనా తరగదు. లండన్‌లో మాంచెస్టర్ బట్టల వ్యాపారం చేసేవాళ్ళని అడిగితే రంగు గుడ్డల ముక్కలు కావలసినన్ని ఇచ్చారు. ఈ మాంచెస్టర్ అన్న ముక్క గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ రావాలి.

తర్వాత్తర్వాత ఇదొక పద్ధతిగా స్థిరపడింది. ఓడెక్కే ప్రతి ఆడమనిషికీ ఒక సంచీ ఇచ్చేవాళ్ళు. అందులో ఏమేం ఉండేవో జాబితా మిగిలింది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఆ జాబితాయే. 100 సూదులు. ఒక ఔన్సు గుండుసూదులు. తెల్ల, నల్ల, నీలం, ఎరుపు దారపు ఉండలు. రంగు దారం చిలపలు 24. వేలికి తొడుక్కునే తొడుగు, మన దర్జీలు అంగుస్తానా అంటారే అది. ఒక కత్తెర. చూపు ఆననివాళ్ళకి కళ్ళజోడు. రెండు పౌన్ల గుడ్డముక్కలు, అంటే మన లెక్కలో 900 గ్రాములు. ఆ కళ్ళజోడు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. 1800లలో ఖైదీకి కళ్ళజోడు కావలసి రావచ్చని ఆలోచించినవాళ్ళు జాబితా తయారుచెయ్యడం తెలిసినవాళ్ళు. ఎంతోమంది ప్రాజెక్టు మేనేజర్లకి ఇప్పటికీ చేతకాని పని అది.

ఇంకో సంగతి గమనించారా? గుడ్డ దొంగిలించిందని శిక్ష వేసి, ఓడెక్కిస్తూ చేతికి గుడ్డముక్కలిచ్చారు. వ్యంగ్యంగా అనలేదు, జరిగిందే చెప్తున్నాను.

రాజా ఓడ 1841 ఏప్రిల్ 5న వుల్విచ్ నుంచి బయల్దేరింది. 180 మంది ఆడ ఖైదీలు, కొందరికి చంకన పిల్లలు. వాళ్ళని కనిపెట్టుకుని ఉండడానికి ఫ్రై బృందం తరఫున కెజయా హేటర్ అనే 23 ఏళ్ళ అమ్మాయి ఎక్కింది. అంతకుముందు మిల్‌బ్యాంక్ జైల్లో పనిచేసింది. విక్టోరియా రాణి పట్టాభిషేకాన్ని బొమ్మగా వేసిన చిత్రకారుడు జార్జ్ హేటర్‌కి దగ్గర చుట్టం. ప్రయాణం ఉచితం, బదులుగా ఖైదీలని చూసుకోవాలి. హోబర్ట్ చేరాక గవర్నరు భార్య జేన్ ఫ్రాంక్లిన్ అక్కడి ఆడ ఖైదీల కోసం ఒక సంఘం పెట్టాలనుకుంటోంది, ఆవిడకి సాయపడాలి. ప్రయాణం ముగిసేసరికి కెజయాకీ, ఓడ కెప్టెన్ చార్లెస్ ఫెర్గూసన్‌కీ పెళ్ళి నిశ్చయమైంది, తర్వాత అయింది కూడా. సినిమావాళ్ళ చేతికిస్తే ఈ రెండు వాక్యాలతో రెండున్నర గంటలు లాగించి, బొంతని ఒక పాటలో వెనకాల ఆరేస్తారు. మనం బొంత దగ్గరే ఉందాం.

బొంత కొలత 325 సెంటీమీటర్లు ఒకవైపు, 337 ఇంకోవైపు. అంటే పదడుగుల పైన చదరం, మామూలు అపార్టుమెంటులో పడగ్గది నేలంత. లెక్కపెడితే 2815 ముక్కలు. మధ్యలో తెల్లటి నూలు బట్ట మీద పక్షులు, పూలు. దాని చుట్టూ ఒకదాని తర్వాత ఒకటిగా 12 వరసల ముక్కల పట్టీలు. అన్నిటికంటే బయట మూడు వైపులా చిన్న పూలు, నాలుగోవైపు అక్షరాలు. ఆ అక్షరాలు పట్టుదారంతో సన్నటి క్రాస్ స్టిచ్‌లో కుట్టారు. ఓడల కమిటీ ఆడవాళ్ళకి, రాజా ఓడ ఖైదీలు ప్రయాణంలో కుట్టిన ఈ బొంత, మీరు మాకు చేసిన మేలుకి కృతజ్ఞతగా, కష్టపడి పనిచెయ్యమని మీరు చెప్పిన మాట మేము పెడచెవిని పెట్టలేదనడానికి రుజువుగా, అని సారాంశం. కింద తేదీ, 1841 జూన్.

ఓడ హోబర్ట్ చేరింది జూలై 19న. అంటే ప్రయాణం 105 రోజులు. ఏప్రిల్ 5 నుంచి జూన్ ఆఖరు దాకా తీసుకున్నా 86 రోజులు. 2815ని 86తో భాగిస్తే రోజుకి 33 ముక్కలు. అందులో సముద్రం ఎగిరెగిరి పడిన రోజులూ, కడుపులో తిప్పి లేవలేని రోజులూ, ఆదివారాలూ తీసెయ్యండి. గడువులో పెట్టి పూర్తిచేశారన్నమాట. ఎలా చేశారన్నది నాకు వాళ్ళ కృతజ్ఞతా వాక్యం కంటే ఆసక్తికరమైన విషయం.

ఈ బొంత నమూనాని మెడాలియన్ పద్ధతి అంటారు. మధ్యలో ఒక బొమ్మ, దాని చుట్టూ చట్రం మీద చట్రం. ఆ కాలంలో బ్రిటన్‌లో బాగా నడిచిన పద్ధతే, ఓడ కోసం కనిపెట్టింది కాదు. కానీ ఓడకి ఇంతకంటే పనికొచ్చే నమూనా ఇంకోటి దొరకదు. పని విడగొట్టడం చూడండి. నలుచదరం ముక్కలు పక్కపక్కన పెట్టి తిన్నగా కుట్టడం ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. త్రికోణాలు కాస్త కష్టం, ఎందుకంటే ఓరగా కత్తిరించిన గుడ్డ సాగుతుంది, లాగి కుడితే వంకర పోతుంది. మధ్యలో తెల్లబట్ట మీద పక్షి బొమ్మని కత్తిరించి, అంచు పోగులు ఊడకుండా లోపలికి మడిచి కుట్టడం చెయ్యి తిరిగినవాళ్ళ పని. పట్టుదారంతో అక్షరాలు అంతకంటే చెయ్యి తిరిగినవాళ్ళ పని. ఇవన్నీ వేరువేరు చేతుల్లో, వేరువేరు మూలల్లో, ఒకేసారి నడవచ్చు. ఒకరి పట్టీ ఆలస్యమైతే ఇంకొకరిది ఆగదు. చివర్లో కలిపేటప్పుడే ఇబ్బంది.

ఆ ఇబ్బంది ఎలాంటిదో అంకెల్లో చెప్తాను, మనవాళ్ళకి అలా అయితే నచ్చుతుంది. ఒక పట్టీలో 40 ముక్కలున్నాయనుకోండి. ప్రతి కుట్టు దగ్గరా ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే పట్టీ చివరికొచ్చేసరికి 4 సెంటీమీటర్లు తేడా. ఆ పట్టీ తీసుకెళ్ళి చట్రానికి కలిపితే ఒకచోట బిగుసుకుపోతుంది, ఇంకోచోట బుడగలా లేస్తుంది. పైగా ఇది బయటికి వెళ్ళేకొద్దీ పెరిగే తప్పు. లోపలి చట్రం ఒంకరైతే దాని మీద కూచున్న ప్రతి చట్రమూ ఒంకరే. అందుకే క్విల్టులు కుట్టేవాళ్ళు ఇవాళ్టికీ కొత్తవాళ్ళకి మొదట చెప్పే మాట, ముక్క కొలత కంటే కుట్టుకి వదిలే అంచు కొలత ముఖ్యమని. పావు అంగుళమంటే ప్రతిచోటా పావు అంగుళమే ఉండాలి. రెండో మాట, కుట్లు చిన్నగా రాకపోయినా ఫర్వాలేదు, సమానంగా రావాలి. సమానంగా రావడం మొదలైతే చిన్నవి అవే అవుతాయి.

రాజా బొంతలో ఈ నేర్చుకోవడం కళ్ళకి కనిపిస్తుంది. ఎన్నో చేతులు పడ్డ పని అని కుట్లు చూస్తే తెలిసిపోతుంది. కొన్నిచోట్ల అచ్చం అనుభవమున్న దర్జీ వేసినట్టు, కొన్నిచోట్ల అప్పుడే సూది పట్టినట్టు. కొన్ని ముక్కల మీద చిన్నచిన్న నెత్తుటి మరకలు ఇప్పటికీ ఉన్నాయి. అంగుస్తానా అలవాటు లేని వేళ్ళకి సూది గుచ్చుకున్న గుర్తులు. నేల కుదురుగా ఉండని చోట, చాలని వెలుతురులో కూచుని సూది పట్టడం నేర్చుకుంటే ఇంకేమవుతుంది! కోడ్ రివ్యూలో ఇలాంటి మరకలున్న కమిట్లని మనం మొదట కడిగేస్తాం. వాళ్ళకి కడగడానికి టైము లేదో, మంచినీళ్ళు లేవో, ఆ మరకల పుణ్యమా అని నేర్చుకున్నవాళ్ళ జాడ మనకి మిగిలింది.

ఇంకో రహస్యం. రాజా క్విల్ట్ అనడమే గానీ, సాంకేతికంగా అది క్విల్టు కాదు. లోపల దూది పొర లేదు, అస్తరు లేదు. ముక్కలు కలిపిన పైపొర మాత్రమే. నేను ముందు చెప్పిన రెండో దశ మొత్తం లేదు. సంచీలో ఇచ్చిన సరుకులో దూది లేదు కాబట్టి అసలు ఆ ఉద్దేశమే లేదనుకోవచ్చు. నా మటుకు నాకు ఇది సరైన నిర్ణయమనిపిస్తుంది. అంత పెద్ద బొంతకి మూడు పొరలు కలిపి కుట్టాలంటే పరుచుకోడానికి చోటు కావాలి, చట్రం కావాలి, ఇంకో మూడు నెలలు కావాలి. ఉన్న రోజుల్లో పూర్తయ్యేదేదో అది పూర్తి చేశారు. ముఖ్యమైన అక్షరాలు మాత్రం వదల్లేదు.

మా ఆఫీసులో ఒక పెద్దావిడ, మాకు పాప పుట్టినప్పుడు తను కుట్టిన చిన్న క్విల్టు ఇచ్చింది. ఏడు నెలలు పట్టిందట. వెనకాల మూలన చిన్న గుడ్డముక్క మీద పాప పేరు, తేదీ, తన పేరు కుట్టి ఉన్నాయి. అది లేకుండా ఎవ్వరికీ ఇవ్వకూడదంది ఆవిడ. మన అమ్మమ్మల బొంతల మీద ఎక్కడా పేరుండదు. ఎవరు కుట్టారో ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి అవసరం లేదనుకునేవాళ్ళేమో. మూడో తరానికొచ్చేసరికి ఆ బొంత చినిగిపోతుంది, ఆ పేరు కూడా.

ఇప్పుడు మాంచెస్టర్ దగ్గరికి వద్దాం. రాజా బొంత మధ్యలో పక్షుల్నీ పూలనీ అచ్చుబట్టలోంచి కత్తిరించి తెల్లబట్ట మీద కుట్టారని చెప్పాను కదా, ఆ పనిని ఫ్రెంచిలో "బ్రోడరీ పెర్స్" అంటారు, పారశీక కుట్టుపని అని అర్థం. పారశీకానికీ దీనికీ సంబంధం అంతంతమాత్రమే. ఆ పూలబట్ట ఐరోపాకి వెళ్ళింది మన దేశం నుంచి, అందులోనూ బాగా పేరున్నది మన కోస్తా నుంచి. చింట్జ్ అంటారు వాళ్ళు, మన పాతవాళ్ళు చీటిగుడ్డ అనేవాళ్ళు. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొట్టు పెట్టింది 1611లో. మద్రాసు అన్న ఊరు వాళ్ళ పటంలో చేరకముందు మాట. వాళ్ళు వచ్చింది ఈ బట్ట కోసమే. కృష్ణా ముఖద్వారం దగ్గర ఇసక నేలల్లో దొరికే చిరివేరు నుంచి వచ్చే ఎరుపు ఇంకెక్కడా రాదని పేరు. కరక్కాయ, గేదెపాలు, పటిక, ఇనప తుప్పూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నలుపు, ఇదీ సరంజామా. ఉతికేకొద్దీ రంగు తేలేది గానీ పోయేది కాదు. ఐరోపాలో అప్పటిదాకా ఉతికితే నిలిచే రంగు పూలబట్ట తెలియదు.

ఆ బట్ట ఖరీదు. అందుకని ఒక గజం కొనుక్కుని అందులో పూలూ పక్షులూ విడివిడిగా కత్తిరించి, చవక తెల్లబట్ట మీద దూరదూరంగా కుట్టుకుంటే మంచమంతటికీ సరిపోయేది. బ్రోడరీ పెర్స్ పుట్టుక ఇదే, పీనాసితనం లోంచి పుట్టిన అందం. ఇంగ్లండులో మిగిలి ఉన్న ముక్కల బొంతల్లో అన్నిటికంటే పాతదని చెప్పేది లెవెన్స్ హాల్ అనే పెద్దింట్లో ఉంది, 1708 ప్రాంతంలో కుట్టింది. అందులో ముక్కలు హిందూదేశపు చీటిగుడ్డవే. అప్పటికి వాటి దిగుమతి నిషేధం కూడా. 1686లో ఫ్రాన్సు, 1700లో చట్టం చేసి ఇంగ్లండు మన అచ్చుబట్టల్ని బయటే ఆపేశాయి. 1719లో లండన్‌లో పట్టు నేసేవాళ్ళు వీధుల్లో పడి, పూలబట్ట కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి ఒంటి మీద గౌన్లు చింపేశారు. 1721లో అసలు కట్టుకోవడమే నేరమంటూ ఇంకో చట్టం. అది 1774 దాకా నడిచింది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి మనకి పాఠాలు చెప్పినవాళ్ళ స్వేచ్ఛా వాణిజ్యం ఇది.

ఈలోగా పని రహస్యం కూడా వెళ్ళిపోయింది. కోర్డూ అనే ఫ్రెంచి పాదిరీ 1742లో కోరమాండల్ తీరపు అద్దకం పని అడుగడుగూ వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఈయనే తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు తయారుచేసినాయన. సంస్కృతానికీ లాటినుకీ చుట్టరికముందని విలియం జోన్స్ కంటే ముందే రాసినాయన. మన పనివాళ్ళకి పేటెంటు ఆఫీసు లేదు, అడిగితే చెప్పారు. 1783లో థామస్ బెల్ రాగి రోలరు మీద బట్ట అచ్చు వేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత కథ మీకు తెలిసిందే. 1833లో కంపెనీ వ్యాపారం ఆపేసి పూర్తిగా పాలనకి దిగింది. ఆ సరికే లాంకషైర్ గుడ్డ మన సంతల్లోకి వచ్చేసింది. 1832-33లో గుంటూరు సీమలో డొక్కల కరువు. మగ్గాలు వదిలి వలసపోయినవాళ్ళ లెక్క ఎవరూ కట్టలేదు.

కాబట్టి 1841లో ఆ ఖైదీల సంచుల్లో పడ్డ రెండు పౌన్ల ముక్కలు మచిలీపట్నానివని నేను చెప్పబోవడం లేదు. ఆ రోజుల్లో మాంచెస్టర్ వ్యాపారులు దానమిచ్చే ముక్కలంటే ఇంగ్లండు మిల్లుల అచ్చుబట్టే. అయినా మధ్యలో ఆ పక్షులు, పూలు వేసిన తీరు, వాటిని కత్తిరించి కుట్టిన తీరు మన చీటిగుడ్డకి నకలుకి నకలు. గుడ్డ దొంగిలించారని శిక్షపడ్డ ఆడవాళ్ళు, రహస్యం ఎత్తుకొచ్చి చేసిన బట్ట ముక్కల్ని కుట్టారు. ఇందులో ఓడెక్కించింది ఎవర్ని అనేది మీరే చూడండి.

మళ్ళీ కానుక దగ్గరికొస్తే, చాలామందికి వచ్చే సందేహమే నాకూ వచ్చింది. కాపలా మధ్య కుట్టిన కృతజ్ఞత కృతజ్ఞతేనా? అక్షరాల్లో "మీరు చెప్పినట్టే కష్టపడ్డాం" అన్న ముక్క చూస్తే అప్రైజల్ ఫారం వాసన కొడుతుంది. ఆ వాక్యం వాళ్ళలో ఎవరో సొంతంగా అన్నదని నేననుకోను. కెజయా హేటరే చెప్పి కుట్టించి ఉండొచ్చు. బైటికి కనిపించాల్సిన ప్రయోజనమూ ఉంది. ఫ్రై బృందానికి తమ పద్ధతి పనిచేస్తుందని చూపించడానికి రుజువు కావాలి, హోబర్ట్‌లో ఈ ఆడవాళ్ళకి పనిమనుషులుగా చోటు దొరకాలంటే చేతిలో పని ఉందని చూపించాలి. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, పక్షి రెక్క అంచుని అంత సన్నగా మడిచి కుట్టమని ఎవరూ ఎవరినీ నిర్బంధించలేరు. నిర్బంధిస్తే వచ్చేది పని పూర్తయిందన్న టిక్కు మాత్రమే. ఆ మధ్య భాగాన్ని కుట్టినామె తన పనితనాన్ని ఒక్కసారైనా ఎవరికైనా చూపించుకోవాలనుకుందని నా నమ్మకం. అది కమిటీకి ఇచ్చిన కానుకో, తనకి తానే ఇచ్చుకున్నదో ఆమెకే తెలియాలి.

హోబర్ట్‌లో ఓడ దిగాక బొంతని జేన్ ఫ్రాంక్లిన్‌కి చూపించారు. దిగిన ఆడవాళ్ళు అక్కడి పద్ధతి ప్రకారం ఇళ్ళల్లో పనికి కుదిరారు. ఎదురుతిరిగినా, పారిపోయినా, కడుపొచ్చినా కాస్కేడ్స్ ఫ్యాక్టరీ అని పేరున్న ఆడ జైలుకి పంపేవాళ్ళు. అక్కడ పని ఎక్కువగా ఊరి బట్టలు ఉతకడం. జేన్ ఫ్రాంక్లిన్, కెజయా కలిసి పెట్టిన సంఘం మొదటి ప్రయత్నం ఎక్కువకాలం నిలవలేదు. గవర్నరు జాన్ ఫ్రాంక్లిన్ 1843లో పదవి పోయి ఇంటికెళ్ళాడు, 1845లో ఉత్తర ధ్రువం వైపు ఓడల్లో వెళ్ళి మంచులో చిక్కుకుని 1847లో చచ్చిపోయాడు. ఫ్రై 1845లో పోయింది. టాస్మేనియాకి ఖైదీల్ని పంపడం 1853లో ఆగింది.

బొంత మటుకు ఇంగ్లండు చేరి, అక్కణ్ణుంచి ఎవరెవరి పెట్టెల్లోనో తిరిగి, దాదాపు నూట యాభై ఏళ్ళు ఎవరికీ కనపడలేదు. 1987లో స్కాట్లండులో బయటపడింది. 1989లో ఆస్ట్రేలియా తెప్పించుకుంది. ఖైదీ ఓడల మీద కుట్టిన బొంతల్లో మిగిలిందని తెలిసింది ఇదొక్కటే. మిగతావి దారిలో రేవుల్లో అమ్ముడుపోయాయి, కప్పుకోగా చినిగిపోయాయి. మనిషికి 900 గ్రాముల లెక్కన ఈ ఒక్క ఓడలోనే 160 కిలోల పైచిలుకు ముక్కలు. ఇంకెన్ని బొంతలు అయి ఉంటాయో ఊహించుకోండి. వెలుతురు తగిలితే రంగు పోతుందని దీన్ని ఎప్పుడో గానీ బయట పెట్టరు.

ఆస్ట్రేలియా ఖైదీల రికార్డుల్ని 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. మంచి డేటాబేస్ అది, మన సర్వేలు సిగ్గుపడాలి. టాస్మేనియాకి వచ్చిన ఆడవాళ్ళకి మనిషికో పద్దు. ఎత్తు ఎంత, కళ్ళ రంగేంటి, ముక్కు పొడవా పొట్టా, మొహం మీద మచ్చలు, ఏం దొంగతనం, ఎన్నేళ్ళు, వచ్చాక ఏ యజమాని ఎన్నిసార్లు ఫిర్యాదు చేశాడు, దానికి ఎన్ని రోజులు ఒంటరి కొట్టు, అన్నీ ఉన్నాయి. చేతనైన పని అని ఒక గడి కూడా ఉంది. ఆ గడిలో చాలామందికి రాసింది ఇంటిపని, వంట, ఉతుకుడు. బొంత మీద కుట్టిన అక్షరాల్లో కమిటీ పేరుంది, ఓడ పేరుంది, వెళ్ళబోయే దేశం పేరుంది, నెల ఉంది. కుట్టినవాళ్ళ పేరు ఒక్కటి కూడా లేదు.